నీళ్ల నడుమ కొండ... నీళ్ల అడుగున నగరం

విజయపురి సౌత్: నాగార్జునకొండ మీద నిలబడి చూస్తే నలువైపులా నీరే. ఆ నీటికి అవతల నల్లమల కొండల వరస. ఈ దృశ్యం చూడటానికి వచ్చే యాత్రికులు లాంచీ దిగుతారు, మ్యూజియం చూస్తారు, చెట్ల నీడన కూర్చుని తెచ్చుకున్న అన్నం తింటారు, తిరుగు లాంచీ వేళయిందని లేచిపోతారు. కొండ కింద, ఆ నీళ్ల అడుగున, ఒక మహానగరం ఉన్నదని చాలామంది వినే ఉంటారు. ఆ నగరం ఎవరిది, ఎందుకు మునిగింది, దానికి బదులుగా మనకు దక్కినదేమిటి అని ఆలోచించే వారు మాత్రం తక్కువ.

ఆ నగరం పేరు విజయపురి. ఇక్ష్వాకు రాజుల రాజధాని. అమరావతి తరువాత ఆంధ్రదేశంలో అంతటి బౌద్ధ పుణ్యక్షేత్రం మరొకటి లేదంటే అతిశయోక్తి కాదు. పదిహేడు వందల సంవత్సరాల క్రితం వెలిగిన ఆ నగరాన్ని మన కాలంలో, మన పొలాలకు నీటి కోసం ముంచుకున్నాం. నాగార్జునసాగర్ కాలువ నీటితో పంట పండించుకునే ప్రతి రైతుకూ ఆ నగరంతో ఒక బాకీ ఉన్నది. ఆ లెక్క తెలియాలంటే ఒక్కసారైనా ఈ కొండ ఎక్కాలి.

లాంచీ దారి

పల్నాడు జిల్లా మాచర్ల మండలంలోని విజయపురి సౌత్ నుంచి కొండకు లాంచీలు నడుస్తాయి. జలాశయం మీద సుమారు గంట ప్రయాణం. గట్టు దాటిన కాసేపటికి ఆనకట్ట వెనకబడుతుంది. రెండు పక్కలా అడవి కొండలు దూరం జరుగుతాయి. నీరు విశాలమవుతుంది. దూరాన చదునైన తలతో ఒక కొండ కనిపిస్తుంది. అదే నాగార్జునకొండ. ఒకప్పుడు లోయలో కాలినడకన చేరుకున్న ఈ కొండ ఇప్పుడు ఒక దీవి.

రేవు దిగి మెట్లెక్కి పైకి వెళితే రాతి కోటగోడలు ఎదురవుతాయి. వాటిని చూసి ఇదే ఇక్ష్వాకుల కోట అనుకుంటారు కొందరు. అది సరికాదు. ఇక్ష్వాకుల కోట కొండ మీద లేదు, కింద కృష్ణ ఒడ్డున ఉండేది. అది మునిగిపోయింది. కొండ మీది కోట వెయ్యేళ్ల తరువాత వచ్చినది. దాని సంగతి తరువాత చెప్పుకుందాం.

కొండ మీద తిరగటానికి విశాలమైన చదును నేల ఉన్నది. చెట్లున్నాయి. తిరిగి నిలబెట్టిన స్తూపాలు, విహారాల పునాదులు, స్నానఘట్టం మెట్లు ఉన్నాయి. మధ్యలో బౌద్ధ విహారం తీరులో కట్టిన మ్యూజియం ఉన్నది. ఏ వైపు నడిచినా చివరకు కోటగోడ, గోడ అవతల నీరు.

నీళ్లు రాక ముందు

జలాశయం నిండక ముందు ఇక్కడ ఉన్నది ఒక లోయ. విస్తీర్ణం సుమారు 23 చదరపు కిలోమీటర్లు. మూడు వైపుల నల్లమల కొండల శాఖలు కోటగోడల్లాగా ఆవరించి ఉండేవి. నాలుగో వైపున కృష్ణానది. శత్రువు సులువుగా రాలేడు. తాగటానికీ సాగుకూ నీరున్నది. కట్టడాలకు పలనాటి రాయి చేతికందే దూరంలో ఉన్నది. రాజధానికి ఇంతకంటె అనువైన చోటు దొరకటం కష్టం.

ఇక్ష్వాకుల కంటె ఎంతో ముందే మనుషులు ఈ లోయను చూసుకున్నారు. రాతియుగం నాటి పనిముట్లు, కొత్త రాతియుగపు నివాసాలు, పెద్ద పెద్ద బండలు పేర్చిన రాకాసి గుళ్ల వంటి సమాధులు ఇక్కడ బయటపడ్డాయి. పాత రాతియుగం నుంచి పదహారో శతాబ్దం దాకా ఈ ఒక్క లోయలో మనిషి బతికిన గుర్తులు దొరికాయి. అలాంటి చోట్లు దేశం మొత్తం మీద అరుదు.

ఇటీవలి కాలంలో లోయలో పుల్లారెడ్డిగూడెం వంటి చిన్న ఊళ్లు ఉండేవి. మాచర్ల నుంచి కొండదారిన బండ్లు వచ్చేవి. రైతులు దున్నేచోట ఇటుకలు తగిలేవి. పొదల్లో చెక్కిన రాళ్లు పడి ఉండేవి. వాటిని చూసి ఎవరో పాతకాలం వాళ్లవి అనుకునేవారే గాని, వాటి విలువ బయటి లోకానికి తెలియదు.

బడిపంతులు చూసిన రాయి

ఆ విలువ బయటపడటానికి కారణం పెద్ద పండితుడు కాదు, దొర కాదు. ఈ ప్రాంతపు బడిపంతులు సూరపరాజు వెంకటరామయ్య గారు. 1926లో ఆయన ఇక్కడ ఒక పురాతన స్తంభాన్ని గమనించి, అప్పటి మద్రాసు ప్రభుత్వానికి తెలియజేశారు. పురావస్తు శాఖ శాసన విభాగంలో తెలుగు సహాయకుడిగా ఉన్న సరస్వతి గారు వచ్చి చూసి, ఇది సామాన్యమైన చోటు కాదని గుర్తించారు. అదే ఏడాది ఫ్రెంచి పండితుడు జూవో దుబ్రోయ్ కూడా ఈ శిథిలాలను పరిశీలించారు.

1927 నుంచి 1931 దాకా లాంగ్‌హర్స్ట్ అనే ఇంగ్లీషు అధికారి తవ్వకాలు జరిపించారు. స్తూపాలు, విహారాలు, వందల శిల్పాలు వెలికి వచ్చాయి. అన్నిటికంటె ముఖ్యమైనది మహాచైత్యం. బండిచక్రం ఆకారంలో కట్టిన పునాది మీద లేచిన ఈ స్తూపం వ్యాసం 106 అడుగులు. చక్రం ఆకుల మధ్య ఉన్న అరలను ఒక్కొక్కటిగా తవ్వగా, ఒక అరలో పగిలిన మట్టిపాత్ర దొరికింది. అందులో స్తూపం ఆకారపు వెండి భరిణె, దాని లోపల చిన్న బంగారు భరిణె, ఆ భరిణెలో ఒక చిన్న ఎముక ముక్క. మహాచైత్యం బుద్ధ భగవానునికి చెందినదని శాసనాలు చెబుతున్నందున, ఇది బుద్ధుని ధాతువేనని భావించారు. దాన్ని సారనాథ్‌లోని మూలగంధకుటీ విహారానికి అందజేశారు. కాశీ యాత్రకు వెళ్లే మన జిల్లా వారు పక్కనే ఉన్న సారనాథ్ కూడా చూసి వస్తుంటారు. అక్కడి విహారంలో మన పలనాటి మట్టిలో దొరికిన ధాతువు ఉన్నదన్న సంగతి చాలామందికి తెలియదు.

1938లో టి.ఎన్. రామచంద్రన్ గారు మరికొన్ని తవ్వకాలు చేశారు. అప్పటికి లోయలో చాలా భాగం ఇంకా మట్టి కిందనే ఉన్నది.

లక్ష నాగళ్ల దానం

శాతవాహనుల బలం తగ్గిన తరువాత, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో ఇక్ష్వాకులు కృష్ణా లోయను ఏలారు. వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు ఈ వంశానికి మూలపురుషుడు. ఆయన కుమారుడు మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు, మనుమడు ఎహువల శాంతమూలుడు, ఆ తరువాత రుద్రపురుషదత్తుడు. నాలుగు తరాలు, సుమారు నూరేళ్ల పాలన. వాసిష్ఠి కొడుకు, మాఠరి కొడుకు అని తల్లి వంశం పేరు ముందు చెప్పుకోవటం ఆ రాజుల ఆచారం.

శాంతమూలుడు వైదిక మతస్థుడు. అశ్వమేధం చేశాడు. కోట దగ్గర మెట్లతో కట్టిన ఒక కోనేరు బయటపడగా, యాగం ముగిశాక రాజు అవభృథ స్నానం చేసినది ఇందులోనే కావచ్చునని తవ్వినవారు భావించారు. శాసనాలు ఆయనను కోట్ల బంగారం, లక్ష గోవులు, లక్ష నాగళ్ల భూమి దానం చేసినవాడని పొగుడుతాయి. పొగడ్తలో కొంత పెంచి చెప్పటం ఉండవచ్చు. అయితే రాజు గొప్పను చెప్పటానికి ఎన్నుకున్న కొలత చూడండి. గోవు, నాగలి. పలనాటి రాళ్ల నేలను సాగులోకి తెచ్చిన పాలకుడికే ఆ కీర్తి దక్కింది.

నగరంలో రాతి మెట్లతో కట్టిన స్నానఘట్టం కృష్ణ ఒడ్డున ఉండేది. నాలుగు వైపులా మెట్ల వరసలతో, నడుమ చదునైన ఆవరణతో ఒక రంగస్థలం ఉండేది. దానికి దగ్గరలో, పిల్లలను కాపాడే దేవతగా కొలిచిన హారీతి గుడి ఉండేది. నది ఒడ్డున సర్వదేవుడు, పుష్పభద్రస్వామి, కార్తికేయుడు మొదలైన దేవుళ్ల గుళ్లు ఉండేవి. ఎనిమిది చేతుల విష్ణువు అష్టభుజస్వామి గుడి దగ్గర ఆ స్వామి పేరు చెక్కిన శంఖం దొరికింది. బౌద్ధ విహారాలు ముప్పైకి పైగా బయటపడ్డాయి. ఒకే లోయలో శివుడు, విష్ణువు, బుద్ధుడు, హారీతి అందరికీ పూజలు జరిగాయి.

దేవుడి దీపధూపాల కోసం సొమ్మును ఊరి సంఘాల దగ్గర డిపాజిట్టు వేసి, ఆ వడ్డీతో ఖర్చు జరిపే ఏర్పాటు కూడా ఇక్కడ ఉండేది. తమలపాకుల వారి సంఘం, పిండివంటలు చేసేవారి సంఘం అలా సొమ్ము తీసుకున్నట్లు ఒక శాసనంలో ఉన్నది. ఈనాటి సహకార సంఘాల వారు ఈ ముచ్చట చదివితే సంతోషిస్తారు.

చనిపోయిన వారి జ్ఞాపకార్థం నిలిపిన ఛాయాస్తంభాలు ఇక్కడి మరో విశేషం. రాజుకే కాదు, సేనానులకు, యుద్ధంలో పడిన వీరులకు, పనివారి పెద్దకు కూడా స్తంభాలు నిలిపారు. పల్నాటి వీరులకు కారెంపూడిలో ఏటా ఉత్సవం జరిపే ఈ గడ్డ మీద, అంతకు ఎన్నో శతాబ్దాల ముందే వీరులకు రాళ్లు నిలిపే అలవాటు ఉన్నదన్న మాట.

ఆడవారు కట్టించిన క్షేత్రం

రాజులు యాగాలు చేస్తే, వారి ఇంటి ఆడవారు బుద్ధుణ్ణి కొలిచారు. విజయపురిని పుణ్యక్షేత్రం చేసినది ప్రధానంగా ఆ ఆడవారే. ఈ మాట చెబుతున్నది మనం కాదు, వారే ప్రాకృత భాషలో, బ్రాహ్మీ లిపిలో చెక్కించిన శాసనాలు.

శాంతమూలుడి సోదరి శాంతిశ్రీ. వీరపురుషదత్తుడికి మేనత్త. వీరపురుషదత్తుడు రాజ్యానికి వచ్చిన ఆరో ఏట మహాచైత్యాన్ని పూర్తి చేయించి, స్తంభాలు నిలిపించినది ఈమె. వీరపురుషదత్తుడి రాణులలో కొందరు ఆయన మరో మేనత్త కూతుళ్లు. మేనరికం మన ఇళ్లలో నిన్న మొన్నటి ఆచారం కాదని ఈ రాళ్లే సాక్ష్యం.

ఉజ్జయిని నుంచి వచ్చిన మహాదేవి రుద్రధర భట్టారిక మహాచైత్యానికి ఒక స్తంభం, 170 దీనార మాషకాలు ఇచ్చింది. దీనారం అన్న మాట రోము నాణెం పేరు నుంచి వచ్చింది. రోము చక్రవర్తుల బంగారు నాణేలు ఈ లోయలో దొరికాయి కూడా. భట్టిదేవి అనే రాణి బహుశ్రుతీయులనే భిక్షువుల శాఖకు విహారం కట్టించింది. వీరపురుషదత్తుడి కూతురు, వనవాసి మహారాజు భార్య అయిన కొడబలిశ్రీ మహీశాసకులనే మరో శాఖకు విహారం కట్టించింది. అత్తవారింటికి అంత దూరం వెళ్లినా పుట్టినిల్లు మరచిపోలేదు.

రాజుల ఇంటి వారే కాదు. బోధిశ్రీ అనే ఉపాసిక, రాణి కాకపోయినా, వీరపురుషదత్తుడి పద్నాలుగో ఏట సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించింది. ఆమె శాసనం కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, ద్రవిడ, తామ్రపర్ణి ద్వీపం మొదలైన దేశాలను పేర్కొంటుంది. ఆ దేశాలలో ధర్మం చెప్పి ప్రజలను సంతోషపెట్టిన ఆచార్యుల పరంపర వారు ఇక్కడ ఉన్నారని అంటుంది. రేడియో లేదు, రైలు లేదు. కృష్ణ ఒడ్డున ఒక గృహిణికి చీనా దేశం పేరు తెలుసు. ఆ పేరును రాతి మీద చెక్కించింది. ఓడరేవుల మీదుగా వచ్చిన వ్యాపారులూ భిక్షువులూ ఆ లోకాన్ని ఆమె గుమ్మంలోకి తెచ్చారు.

నాగార్జునుడి పేరు

ఇంతకీ ఈ కొండకు నాగార్జునుడి పేరు ఎలా వచ్చింది? బౌద్ధ ధర్మంలో శూన్యవాదాన్ని చెప్పిన మహాచార్యుడు నాగార్జునుడు. ఆయన శ్రీపర్వతం మీద నివసించాడని బౌద్ధుల నమ్మకం. బోధిశ్రీ శాసనంలో విజయపురికి తూర్పున శ్రీపర్వతం ఉన్నదని స్పష్టంగా ఉన్నది. కనుక శ్రీపర్వతం అంటే ఈ లోయ కొండలేనని చరిత్రకారుల అభిప్రాయం. అయితే నాగార్జునుడు సాధారణంగా శాతవాహనుల కాలం వాడని చెబుతారు. ఇక్కడి గొప్ప కట్టడాలు చాలావరకు ఆయన తరువాత వచ్చిన ఇక్ష్వాకుల కాలానివి. విహారాలు కట్టించిన ఆడవారి పేర్లు శాసనాలలో నిలిచాయి. ఆచార్యుడి పేరు జనం నోట నిలిచింది. రాజుల పేర్లను ఊరు మరచిపోయినా కొండ పేరులో గురువు మిగిలాడు.

కొండ మీద కోట

ఇక్ష్వాకుల తరువాత పల్లవులు ఈ ప్రాంతాన్ని గెలుచుకున్నారు. రాజధాని లేకపోయాక నగరం పలచబడింది. విహారాలు పాడుపడ్డాయి. లోయ అడవిలో కలిసిపోయింది.

తిరిగి ఈ కొండకు పని పడినది రెడ్డిరాజుల కాలంలో. కొండవీటి రాజ్యానికి కృష్ణ తీరాన కాపలా కోటలు కావలసి వచ్చాయి. చదునైన తల, నిటారు అంచులు, పక్కనే నది. కోటకు ఇంతకంటె ఏమి కావాలి? తరువాత కోట ఓఢ్ర గజపతుల చేతికి పోయింది. 1515లో శ్రీకృష్ణదేవరాయలు కొండవీటి మీదికి దండెత్తినపుడు అద్దంకి, వినుకొండ, బెల్లంకొండ, తంగెడ, కేతవరం కోటలతో పాటు నాగార్జునకొండనూ పట్టుకున్నట్లు శాసనాలు చెబుతున్నాయి. ఇప్పుడు లాంచీ దిగినవారు దాటి వచ్చే గోడలు, బురుజులు, ద్వారాలు ఆ మధ్యయుగాల నాటివి. భిక్షువులు నడిచిన నేల మీద సైనికులు కాపలా కాశారు. తుపాకుల కాలం ముదిరాక కోటకూ పని లేకపోయింది.

ఆరేళ్ల పరుగు

కృష్ణకు పెద్ద ఆనకట్ట కట్టాలన్న కోరిక ఈ ప్రాంతంలో ఏనాటిదో. నది పక్కనే పారుతున్నా పలనాడు, నల్గొండ మెట్ట పొలాలు వానకోసం ఆకాశం వైపు చూడవలసి వచ్చేది. ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ గారి వంటివారు ఇందుకోసం ఎంతో పాటుపడ్డారు. చివరకు నందికొండ దగ్గర ఆనకట్ట ఖాయమైంది. 1955 డిసెంబరు 10న ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేశారు.

ఆనకట్ట కడితే లోయ మునుగుతుంది. లోయలో సగానికి పైగా ఇంకా తవ్వనే లేదు. అటు అన్నం, ఇటు చరిత్ర. నీళ్లు కావలసిందేనని దేశం నిర్ణయించుకున్నది. అయితే మునిగేలోపు తవ్వగలిగినదంతా తవ్వి, తీయగలిగినదంతా తీసి భద్రపరచాలని కూడా నిర్ణయించింది. 1954 నుంచి 1960 దాకా డాక్టర్ ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యాన లోయ అంతటా తవ్వకాలు సాగాయి. ఒక పక్క ఆనకట్ట రాయి మీద రాయిగా లేస్తున్నది. మరో పక్క పారలు, గంపలు, బ్రష్షులు పట్టుకుని మనుషులు కాలంతో పందెం వేసుకుని పాత నగరాన్ని వెతుకుతున్నారు. కోట, రంగస్థలం, ఘట్టం, గుళ్లు ఈ ఆరేళ్లలోనే సమగ్రంగా బయటపడ్డాయి.

ముఖ్యమైన 9 కట్టడాలను రాయికి రాయి విప్పి, ఎత్తైన చోట తిరిగి నిలబెట్టారు. కొన్నిటిని ఈ కొండ మీదికి చేర్చారు. మరికొన్నిటిని కుడిగట్టున అనుపు దగ్గర కట్టారు. రంగస్థలం ఇప్పుడు అనుపులోనే ఉన్నది. మరో 14 శిథిలాలకు పెద్ద నమూనాలు తయారు చేశారు. మిగిలినవి ఉన్నచోటే ఉండిపోయాయి.

లోయలో మునిగినది పాత నగరం ఒక్కటే కాదు. పుల్లారెడ్డిగూడెం వంటి బతికి ఉన్న ఊళ్లూ మునిగాయి. ఎడమగట్టున ఏలేశ్వరం మునిగింది. పొలం, ఇల్లు, ఊరి బావి, పెద్దల సమాధులు వదిలి జనం కొత్త చోట్లకు తరలిపోయారు. ఇక్ష్వాకుల నగరానికి మ్యూజియం ఉన్నది. ఆ ఊళ్లకు ఉన్నది జ్ఞాపకం ఒక్కటే. కొండ మీద నిలబడి చరిత్ర గురించి మాట్లాడేటప్పుడు వారిని కూడా తలుచుకోవటం న్యాయం.

ఆనకట్ట కూడా యంత్రాల కంటె మనిషి చేతుల మీద లేచినదే. పాలమూరు కూలీలతో సహా వేలమంది ఆడామగా రాళ్లు మోశారు. రాతితో కట్టిన ఆనకట్టలలో ప్రపంచంలోనే పెద్దదిగా దీనికి పేరు వచ్చింది. 1967 ఆగస్టు 4న ప్రధానమంత్రి ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. కుడివైపు జవహర్ కాలువ, ఎడమవైపు లాల్ బహదూర్ కాలువ. రెండు కాలువల కింద కలిపి సుమారు 22 లక్షల ఎకరాల ఆయకట్టు. లక్ష నాగళ్ల దానం చేశాడని రాతి మీద చెక్కించుకున్న శాంతమూలుడి నగరాన్ని ముంచి వచ్చిన నీరు అంతకు ఎన్నో రెట్ల నేలను తడిపింది.

మ్యూజియంలో ఏమున్నది?

కొండ మీది మ్యూజియం 1966లో ఏర్పడింది. కేంద్ర పురావస్తు శాఖ దీన్ని చూస్తున్నది. లోయ మునగక ముందు ఎలా ఉండేదో చూపే నమూనా అందులో ఉన్నది. తీరిక తక్కువగా ఉన్నవారు ముందుగా దీన్ని చూడటం మంచిది. ఏ గుట్ట పక్కన ఏ విహారం ఉండేదో, కోట ఎక్కడో, ఘట్టం ఎక్కడో చూసుకుని బయటికి వచ్చి నీటి వైపు చూస్తే, ఆ నీరు వేరుగా కనిపిస్తుంది.

నిలుచున్న బుద్ధుని పెద్ద విగ్రహం, బుద్ధుని జీవితాన్ని, జాతక కథలను చెక్కిన పలకలు, స్తూపాల అలంకారాలు, శాసనాలు, నాణేలు, పూసలు, నగలు ఇక్కడ ఉన్నాయి. శిల్పాలకు వాడినది లేత ఆకుపచ్చ ఛాయ గల పలనాటి సున్నపురాయి. మన ఊళ్ల చుట్టూ దొరికే ఈ జాతి రాయిలోనే ఆనాటి శిల్పి ముత్యాల హారాన్ని, గుర్రం జూలును, తల్లి చంకలోని బిడ్డను పలికించాడు. ఇక్కడి శిల్పాలలో కొన్ని ఢిల్లీ నేషనల్ మ్యూజియంకూ వెళ్లాయి.

శుక్రవారం మ్యూజియానికి సెలవు. లాంచీలు జలాశయంలో నీటిమట్టాన్ని, వాతావరణాన్ని, యాత్రికుల సంఖ్యను బట్టి నడుస్తాయి. బయలుదేరే ముందు విజయపురి సౌత్ లాంచీ స్టేషనులో విచారించుకోవటం మేలు. ఎక్కువ సమయం ఉన్నవారు అనుపు, ఎత్తిపోతల కూడా చూసి రావచ్చు. ఎడమగట్టున తెలంగాణ ప్రభుత్వం 2022లో ప్రారంభించిన బుద్ధవనం ఉన్నది.

కొండ మీది చూపు

మధ్యాహ్నం ఎండ వాలాక కోటగోడ దగ్గర నిలబడితే కొండల నీడలు నీటి మీద పడతాయి. గాలి వీస్తుంది. చేపల పడవలు దూరాన చుక్కల్లా కనిపిస్తాయి. వానాకాలం చివర జలాశయం పూర్తి మట్టం 590 అడుగులకు చేరినపుడు నీరు కొండ నడుము దాకా వచ్చినట్లుంటుంది. ఎండాకాలం నీరు తగ్గితే గట్ల మీద ఎర్రమట్టి చారలు తేలతాయి. ఏ ఏడు ఎంత నీరు వచ్చిందో, ఏ ఏడు కాలువ ఎన్నాళ్లు పారుతుందో ఆ చారలు చూసి రైతు అంచనా వేసుకోవచ్చు.

ఆ నీటికి కూడా వయస్సు ఉన్నది. జలాశయం కట్టినపుడు దాని నిలవ సామర్థ్యం 408 టీఎంసీలు. ఎగువ నుంచి కొట్టుకు వచ్చిన పూడిక చేరి, తరువాతి లెక్కల ప్రకారం అది 312 టీఎంసీలకు తగ్గింది. అంటే సుమారు 96 టీఎంసీల చోటును మట్టి ఆక్రమించింది. నగరాన్ని నీరు కప్పింది. ఆ నీటి చోటును మట్టి కప్పుతున్నది. ఇక్ష్వాకుల రాజధాని నూరేళ్లు వెలిగింది. మన ఆనకట్టకు 1967 నుంచి లెక్కిస్తే అందులో సగం దాటింది. ఒక పుణ్యక్షేత్రాన్ని ఇచ్చి తెచ్చుకున్న నీటిని పొదుపుగా వాడుకోకపోతే, కాలువ చివరి భూములకు అందకుండా వృథా చేస్తే, మనం పోగొట్టుకున్నది రెండు విధాలా పోయినట్లే.

మళ్లీ ఒక పంతులు గారు కావాలి

మన జిల్లాలో ఇంకా ఎన్నో దిబ్బలు, గుట్టలు, పాడుగుళ్లు ఉన్నాయి. బావి తవ్వేటప్పుడో, ట్రాక్టరు దున్నేటప్పుడో పెద్ద ఇటుకలు, చెక్కిన రాళ్లు, అక్షరాల రాళ్లు బయటపడుతుంటాయి. కొన్ని ఇంటి ముందు మెట్టవుతాయి. కొన్ని బట్టలుతికే బండ అవుతాయి. కొన్నిటి కింద నిధి ఉన్నదని అర్ధరాత్రి గునపాలు దిగుతాయి. నిధి దొరికేది లేదు గాని చరిత్ర ముక్కలవుతుంది. భూమిలో దొరికిన పాతకాలపు సొత్తు పది రూపాయల విలువ మించితే కలెక్టరుకు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతున్నది. రాయి కనిపిస్తే గ్రామ రెవెన్యూ అధికారికో, తహసీల్దారుకో, బడిలో మాస్టారికో చెబితే చాలు. పురావస్తు శాఖకు కబురు చేరుతుంది.

1926లో ఒక బడిపంతులు ఆ రాయిని చూసి ఊరుకోలేదు. ఆయన ఆనాడు చెప్పకపోతే, 1954లో తవ్వవలసిన నగరం ఒకటి ఉన్నదని కూడా తెలిసేది కాదు. ఆనకట్ట ఎలాగూ లేచేది, నీరు ఎలాగూ నిండేది. శాంతిశ్రీ, బోధిశ్రీ ఎవరో తెలియకుండానే వారి స్తంభాలు నీటిపాలయ్యేవి.

అందుకే జిల్లాలోని ప్రతి బడి పిల్లలను ఏదో ఒక ఏడు ఈ కొండకు తీసుకురావాలి. విహారయాత్రకు దూరపు ఊళ్లు వెళ్లేవారు తమ కాలువ మొదలయ్యే చోటును, ఆ కాలువ కోసం మునిగిన చోటును ముందు చూడాలి. మ్యూజియంలోని లోయ నమూనా ముందు పిల్లలను నిలబెట్టి, మన ఊరి మడిలోకి వచ్చే నీరు ఏ ఊళ్ల మీదుగా, ఏ గుడి మెట్ల మీదుగా వస్తున్నదో వేలితో చూపించాలి. ఆ పాఠం ఏ పుస్తకంలోనూ ఇంత స్పష్టంగా దొరకదు.